తీపా, కారమా?

"తీపా పాపా, కారమా?"

కోయంబత్తూరు పీళమేడులో ఒక పాత పెంకుటింటి వసారాలో చెప్పులు విప్పుతుండగానే ఆ ఇంటి అవ్వ అడిగిన మాట ఇది. మాది గుంటూరు వైపు. కారం అనగానే రోట్లో దంచిన ఎర్రటి పొడే నా కళ్ళముందు మెదులుతుంది. "కారం వద్దవ్వా, ప్రయాణంలో ఉన్నాను" అన్నాను. ఆవిడ నవ్వుకుంటూ లోపలికెళ్ళి పళ్ళెంలో నాలుగు మురుకులు, గుప్పెడు ఓమప్పొడి, అంటే వాము వేసిన సన్నపూస, తెచ్చి నా ముందు పెట్టింది. "మేము కారం అనేది దీన్ని" అంది.

తమిళనాట ఇంటికొచ్చినవాళ్ళకు చేసే మర్యాదకు ఒక వరస ఉంది. ఇనిప్పు, కారం, కాఫీ. ముందు నోరు తీపి చేస్తారు, ఆపైన కరకరలాడేది ఏదైనా పెడతారు, చివర డికాక్షన్ కాఫీ ఇస్తారు. ఆ వరసలో కారమంటే ఉప్పూ వామూ మిరియమూ తగిలిన చిరుతిండి ఏదైనా సరే. మన దగ్గర దీనికి చక్కటి మాట లేదు. మిఠాయి కొట్టుకెళ్ళి "అరకిలో స్వీటు, పావుకిలో హాటు" అని అడుగుతాం. ఇంట్లో అయితే అరిసెలనూ జంతికలనూ కలిపి పిండివంటలనేస్తాం. అవ్వ ఆ తమిళ వరసను తన తెలుగులోకి ఎప్పుడో తెచ్చేసుకుంది. "నేను కారం మనిషిని. మా ఆయన తీపి మనిషి. యాభై ఏండ్లు ఒకే పళ్ళెంలో ఇద్దరికీ వేరే వేరే పెట్టినాను" అంది.

ఈ ప్రయాణం పెట్టుకున్నది తమిళనాటి పాత తెలుగు ఇళ్ళల్లో ఏం తింటున్నారో, ఏది ఇష్టంగా తింటున్నారో చూద్దామని. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగు తమ మాతృభాష అని చెప్పుకున్నవాళ్ళు 42 లక్షల పైచిలుకు. వీళ్ళలో చాలామంది పూర్వీకులు విజయనగర కాలంలోనూ, ఆ తర్వాత నాయక రాజుల కాలంలోనూ దక్షిణానికి వచ్చి స్థిరపడ్డవాళ్ళు. కోయంబత్తూరు పేటల పేర్లు వింటేనే ఆ జాడ తెలుస్తుంది. పాపనాయకన్‌పాళయం, ఉప్పిలిపాళయం, ఆవారంపాళయం. పాళయమంటే మన పాళెమే. నల్లరేగడిలో పత్తి పండించిన నాయుళ్ళు తర్వాత ఆ పత్తి వడికే మిల్లులూ పెట్టారు. జి. కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్స్ మొదలుపెట్టింది 1910లో. పీళమేడు పి.ఎస్. గోవిందస్వామి నాయుడి కొడుకులు నలుగురూ ఆస్తిని ఐదు వాటాలు వేసి, ఐదో వాటాను ధర్మానికి విడిచిపెట్టి 1926లో ట్రస్టు కట్టారు. ఇప్పుడు ఆ పేట నిండా వాళ్ళ కాలేజీలూ ఆసుపత్రే. మగ్గాలు నేసే దేవాంగుల్లో కొందరు తెలుగు, కొందరు కన్నడం మాట్లాడతారు. ఊరు ఊడ్చే పనిలోనూ తోలు పనిలోనూ తరతరాలుగా బతికిన అరుంధతీయుల ఇళ్ళల్లోనూ తెలుగే. ఇంతమంది తెలుగువాళ్ళున్న ఊళ్ళో బోర్డుల మీద తెలుగు అక్షరం ఒక్కటీ నా కంట పడలేదు.

"రేపు సందగై ఒత్తుతాం, ఉండిపో" అంది అవ్వ. ఉండిపోయాను. ఈ ప్రయాణం మొత్తంలో నేను చేసిన మంచి పని అదే.

సందగై కోయంబత్తూరు చుట్టుపక్కల కొంగునాటి వంట. ఉప్పుడు బియ్యాన్ని నానబెట్టి మెత్తగా రుబ్బి, ఇడ్లీల్లా ఆవిరి మీద ఉడికించి, ఆ ఉడికిన ముద్దల్ని వేడి చల్లారకముందే మిషనులో పెట్టి ఒత్తుతారు. మూడు కాళ్ళ ఇనుప మిషను అది, నడుమెత్తు ఉంటుంది. పైన పిడి పట్టుకుని మర తిప్పుతుంటే కింద చిల్లుల్లోంచి తెల్లటి దారాలు దిగుతాయి. ఇద్దరు లేందే పని సాగదు. మనవడు కాళ్ళు ఎడంగా పెట్టి, రెండు చేతులా పిడి పట్టుకుని తిప్పాడు. అవ్వ కింద పీట మీద కూర్చుని పళ్ళేన్ని గుండ్రంగా తిప్పుతూ దారాల్ని పట్టింది. ముద్ద చల్లబడితే మర బిగిసిపోతుంది. అందుకే ఆ పది నిమిషాలూ ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. పిడి కిర్రుమనే చప్పుడు, దారాలు పళ్ళెంలో పడుతుంటే లేచే బియ్యపు ఆవిరి, అంతే.

అసలు సంగతి ఒత్తడం అయ్యాక మొదలైంది. అదే సందగైని మూడు గిన్నెల్లోకి తీసింది అవ్వ. మొదటిదాంట్లో చిక్కటి కొబ్బరిపాలు పోసి, బెల్లం కరిగించి, ఏలకులు చిదిమి వేసింది. రెండోదానికి ఆవాలు, మినప్పప్పు, ఎండుమిరప, కరివేపాకు తాలింపు పెట్టి నిమ్మకాయ పిండింది. మూడోది ఏమీ కలపకుండా వదిలేసింది. దాంట్లోకి కుర్మా. మనవడు నిమ్మకాయది లాక్కున్నాడు. వాడి చెల్లెలు కొబ్బరిపాలది తీసుకుంది. తమిళం మాట్లాడే ఇంటినుంచి కోడలిగా వచ్చిన మనవడి భార్య కుర్మా పోసుకుంది. అవ్వ నా వైపు చూసింది. నేను కారం మనిషినే, చిన్నప్పటి నుంచీ. అయినా ఆ కొబ్బరిపాల వాసన నన్ను అక్కడే నిలబెట్టేసింది. మా అమ్మ వినాయక చవితికి చేసే పాలతాలికలు గుర్తొచ్చాయి. బియ్యప్పిండిని చేత్తో సన్నటి తాళ్ళలా నలిపి, బెల్లం పాలల్లో ఉడికిస్తుంది అమ్మ. ఇక్కడ నలపడానికి బదులు ఒత్తడం, ఆవుపాలకు బదులు కొబ్బరిపాలు. నోట్లో పెట్టుకుంటే దారం దారంగా విడిపోయి, పాలు మాత్రం నాలుక మీద మిగిలాయి. మా ఇంటి పాలతాలికల కంటే ఇదే బాగుందని అవ్వతో చెప్పాను. అమ్మతో కూడా చెప్పాను.

మధ్యాహ్నం భోజనంలో పాయసం వడ్డించినప్పుడు మనవడు అప్పడాన్ని చేత్తో నలిపి అందులో కలిపేశాడు. మా ఇళ్ళల్లో ఎవరైనా ఆ పని చేస్తే పెద్దవాళ్ళు ఊరుకోరు. "తిని చూడక్కా" అన్నాడు. తిన్నాను. పాయసం తీపిలో అప్పడం ఉప్పు, మెత్తదనంలో కరకర. ఇది ఒక్కడి వింత ఇష్టం అనుకోవడానికి లేదు. మనోహరం గుర్తు తెచ్చుకోండి. కరకరలాడే మురుకుల్ని చిదిమి బెల్లం పాకం పట్టే ఆ వంట మన పెళ్ళిళ్ళలోనూ ఉంది, తమిళుల పెళ్ళిళ్ళలోనూ ఉంది. తిరుమల కొండ మీద విజయనగర కాలపు శాసనాల్లో స్వామికి పెట్టే నైవేద్యాల లెక్కలున్నాయి. అతిరసం, అప్పం, వడ, సుఖియ, వాటి పక్కనే మనోహరం. తెలుగు నేలా తమిళ నేలా కలిసే చోట ఉన్న కొండ అది. ఆ అతిరసాన్ని ఇటు అరిసె అంటాం, అటు అదిరసం అంటారు. ఏది ఎవరిది అని తగువు పెట్టుకునేవాళ్ళకు ఆ శాసనాలు చూపించాలనిపిస్తుంది నాకు.

ఇంట్లో మాటలు కూడా ఇలాగే కలిసి ఉన్నాయి. బొబ్బట్టును అవ్వ బొబ్బట్టనే అంటుంది. ఆ వీధిలోని కొంగు తమిళులు ఒప్పుట్టు అంటారు, మైసూరు వైపు వెళ్తే ఒబ్బట్టు. పూర్ణం కోసం పప్పు ఉడికించిన నీళ్ళను అవ్వ కూడా పారబోయదు, చింతపండు వేసి చారు పెడుతుంది. మా వైపు దాన్నే కట్టు చారు అంటాం. టమాటాను నూనెలో మగ్గించి చేసిన పచ్చడిని మాత్రం తొక్కు అంది. తమిళంలో అదే మాట. తెలంగాణలో ఎవరింటికి వెళ్ళినా అదే మాట. మధ్యలో గుంటూరువాళ్ళమే దాన్ని వదిలేశామేమో.

సాయంత్రం అవ్వ తన వంటల పుస్తకం చూపించింది. పాత లెక్కల నోటుబుక్కు, అట్ట ఊడిపోయింది, పేజీల అంచుల్లో నూనె మరకలు. లోపలంతా తమిళ అక్షరాలే. నాకు తమిళం కూడబలుక్కుని చదవడం వచ్చు. రెండు వరసలు చదివేసరికి ఒళ్ళు జలదరించింది. భాష తమిళం కాదు. అవ్వ తెలుగును తమిళ అక్షరాల్లో రాసుకుంది. ఆవిడ బడికి వెళ్ళింది నాలుగేళ్ళే, అక్కడ చెప్పింది తమిళమే. తమిళ లిపిలో క కూ గ కూ ఒకటే అక్షరం. ప కూ బ కూ ఒకటే. కాబట్టి గారె అని రాస్తే కారె అని కూడా చదవొచ్చు. బూరె పూరె అవుతుంది. మనవడి భార్య మొదటిసారి ఆ పుస్తకం చూసి వంట చేసిన రోజున బెల్లం అన్న చోట పెల్లం అని చదివి, ఆ వస్తువేమిటో తెలియక ఇల్లంతా వెతికిందట. అప్పటి నుంచీ అవ్వ ఒక ఉపాయం చేసింది. గ, బ లాంటి అక్షరాల కింద పెన్నుతో చిన్న చుక్క పెడుతుంది. చుక్క ఉంటే గ అనో బ అనో పలకాలి. గారె కింద చుక్క, బూరె కింద చుక్క, బెల్లం కింద రెండుసార్లు దిద్దిన పెద్ద చుక్క. ఏ పండితుడూ చెప్పకుండా, తన మనవరాళ్ళు తన వంటను సరిగ్గా పలకాలని ఒక ముసలావిడ లిపిని సవరించుకుంది. ఆ పేజీ మీద నుంచి చాలాసేపు చెయ్యి తియ్యలేకపోయాను.

"పత్తిపాలు ఒక్కటే ఇందులో లేదు" అంది అవ్వ పుస్తకం మూస్తూ. "మా అత్త చేసేది. కొలత చెప్పకుండానే పోయింది. మధురకు పోతావు గదా, అక్కడ బండ్ల మీద అమ్ముతారు. తాగి, ఎట్లుండాదో చెప్పు. కొలత కూడా అడుగు."

మర్నాడు తెల్లవారుజామున బస్టాండుకు పోతూ టీకొట్టు దగ్గర ఆగాను. రోడ్లు ఊడ్చే పనిలో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు చీపుర్లు గోడకు ఆనించి టీ తాగుతున్నారు. వాళ్ళ మాటలు వినపడగానే వెనక్కి తిరిగాను. తెలుగే. పలకరించాను, బాగుండారా అంటే బాగుండాం అన్నారు. ఒకావిడ బోండా తుంచి సగం నాకిచ్చింది. అందరినీ అడుగుతున్న ప్రశ్నే వాళ్ళనూ అడిగాను, తీపి ఇష్టమా కారం ఇష్టమా అని. ఆవిడ కాసేపు ఆలోచించి చెప్పింది. "మా అమ్మ కాలంలో తీపి అంటే పండగకే. మిగతా దినాలు సంగటి, లేకుంటే కంబు (సజ్జ) అంబలి, దాంట్లోకి ఉల్లిగడ్డ. ఇష్టమని అడిగేవాళ్ళు లేరు అప్పుడు. ఇప్పుడు నా కూతురు కేకు అడుగుతుంది, కొంటాను." ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ ముఖంలో వెలుగు చూశాను. ఇష్టాయిష్టాల గురించి రాసేవాళ్ళం ఇష్టపడే వీలు ఎవరికి ఎప్పుడు దక్కిందో కూడా రాయాలి. బెల్లం, నెయ్యి ఏ ఇంటికి ఎప్పుడు చేరాయో అది వేరే చరిత్ర.

కోయంబత్తూరు నుంచి మధుర బస్సు పొల్లాచ్చి, ఉడుమలై, పళని, దిండిగల్లు మీదుగా పోయింది. పళనిలో పంచామృతం డబ్బా కొన్నాను. అరటిపండు, బెల్లం, తేనె, నెయ్యి, ఖర్జూరం కలిపి చేసేది, ఫ్రిజ్జు లేకుండానే నిలవ ఉంటుంది. మిగతా దారంతా నిద్రపోయాను.

మధుర రైల్వే స్టేషను ఎదురుగా మంగమ్మాళ్ సత్రం ఉంది. 1689 నుంచి 1706 దాకా మనవడు విజయరంగ చొక్కనాథుడి పేర రాజ్యం నడిపిన రాణి మంగమ్మ గురించి తమిళులు ఇప్పటికీ చెప్పుకునేది యుద్ధాల గురించి కాదు, బాటల గురించి, బాటసారులకు కట్టించిన సత్రాల గురించి. ఆ మనవడు పెద్దయ్యాక తెలుగులో శ్రీరంగ మాహాత్మ్యం రాశాడు. తెలుగు వచనం బాగా పెరిగింది ఆ మధుర కొలువులోనే. మధురను ఏలిన తిరుమల నాయకుడు 1636లో కట్టించిన మహలులో ఆ లావుపాటి స్తంభాల మధ్య నడుస్తుంటే నా మనసు మాత్రం వంటల మీదే ఉంది. ఈ నగరానికి, తెలుగు కవిత్వానికి, భోజనానికి ఒక చుట్టరికం ఉంది. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద కథ నడిచేది ఇక్కడికి దగ్గర్లోని శ్రీవిల్లిపుత్తూరులో. అందులో విష్ణుభక్తుడు విష్ణుచిత్తుడు వాదానికి వచ్చేది ఈ మధురలోని పాండ్యరాజు సభకే. అతను ఇంటికొచ్చిన అతిథులకు పెట్టే భోజనం కాలాన్ని బట్టి మారుతుంది. వానాకాలం ఇంట్లో పొగ సుడి తిరగకుండా వండిన అన్నం, పప్పు, నాలుగైదు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు. ఎండాకాలం గోరువెచ్చని అన్నం, చారులు, పలుచని అంబలి, కొబ్బరినీళ్ళు, మజ్జిగ. చలికాలం మిరియాల ఘాటు కూరలు, ముక్కు అదరగొట్టే ఆవపచ్చళ్ళు, కాగిన నెయ్యి, పాలు. సామ్రాజ్యం ఏలిన రాజు ఒక భక్తుడి వంటింట్లో ఏ నెలకు ఏ రుచి సరిపోతుందో ఇంత శ్రద్ధగా లెక్క రాశాడు. "నీకేం ఇష్టం" అన్న ప్రశ్న పక్కన "ఇప్పుడేం కాలం" అన్న ప్రశ్న కూడా ఆయన పెట్టాడు.

నేను వెళ్ళింది ఎండల్లో. మధుర ఎండకు జవాబు జిగర్‌తండా. చిక్కగా కాచి చల్లార్చిన పాలు, నీళ్ళల్లో నానితే జెల్లీలా ఉబ్బే బాదం జిగురు, నన్నారి పానకం, పైన ఐస్‌క్రీమ్. నన్నారి రాయలసీమవాళ్ళకు కొత్త కాదు, వాళ్ళు షర్బతులో తాగే సుగంధి వేరే అది. నాకు ఐస్‌క్రీమ్ లేకుండా ఉంటేనే నచ్చుతుందని తాగాక తెలిసింది. కాగిన పాల రుచిని అది కప్పేస్తోంది.

అళగర్ కోయిలు మధురకు ఉత్తరాన కొండ కింద ఉంది. అక్కడి ప్రసాదం దోసె. దోసె అంటే పలుచగా ఊహించుకోకండి. బియ్యం, పొట్టు తీయని మినుములు రుబ్బి, మిరియాలు, శొంఠి, కరివేపాకు వేసి, నేతిలో కాల్చిన మందపాటి రొట్టె. విరిచి నోట్లో పెట్టుకోగానే తెలిసిపోయింది, ఇది మా దిబ్బరొట్టెకు అక్క. దిబ్బరొట్టెలో నాకిష్టం అంచు. మూకుడుకు అంటుకుని ఎర్రగా కాలి, మధ్యలో మెత్తగా ఉన్నా అంచు మాత్రం పళ్ళకింద టక్కుమనాలి. మా ఇంట్లో ఆ అంచు కోసం నేనూ తమ్ముడూ కొట్టుకునేవాళ్ళం. అళగరు దోసెకు అంచు మొత్తం చుట్టూరా ఉంది, దాంట్లో మిరియం ఘాటు కూడా ఉంది. చేతికంటిన నెయ్యి తుడుచుకోకుండా మండపం మెట్ల మీద కూర్చుని మొత్తం తిన్నాను. కారం మనిషిగా నాకు దొరికిన పండగ అది.

చీకటి పడ్డాక పత్తిపాల బండి దొరికింది. పెద్ద ఇత్తడి గుండిగ, కింద సన్నటి మంట. బండాయన నా తమిళంలోని తడబాటు విని, "తెలుగా?" అన్నాడు. కోవిల్‌పట్టి వైపు కరిసల్ నేలవాళ్ళట, నల్లరేగడి సేద్యం. ఆ నేలను తమిళ సాహిత్యంలో నిలబెట్టిన కి. రాజనారాయణన్ కూడా తెలుగు ఇంటి మనిషే. ఆయన ఊరు ఇడైచెవల్ కోవిల్‌పట్టి దగ్గరే. వలస వచ్చిన తెలుగువాళ్ళు కొత్త నేలలో ఊరు కట్టుకున్న కథను గోపల్ల గ్రామంలో చెప్పాడు. దాని కొనసాగింపు గోపల్లపురత్తు మక్కళ్‌కు 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. "ఆయన పుస్తకాల్లో మా అవ్వలు మాట్లాడతారు" అన్నాడు బండాయన, గ్లాసు నింపుతూ.

పత్తిపాలంటే పత్తిగింజల పాలు. గింజల్ని రాత్రంతా నానబెట్టి, రుబ్బి, పిండి పాలు తీస్తారు. కొద్దిగా బియ్యప్పిండి కలిపి కాచి, బెల్లం, శొంఠి, ఏలకులు, కొబ్బరి వేస్తారు. మా వైపు పత్తిగింజలు పాడి గేదెకు పెడతాం, వెన్న బాగా వస్తుందని. అదే గింజను ఇక్కడ మనుషులు తాగుతున్నారు. గ్లాసు పట్టుకుంటే వేళ్ళు కాలాయి. మొదట బెల్లం తగిలింది. రెండో గుక్కలో శొంఠి గొంతులో మంట పెట్టింది. ఆ తర్వాత వేరుశనగ లాంటి, కానీ ఇంకా పచ్చిగా ఉండే ఒక గింజ రుచి నాలుక అడుగున నిలిచింది. ఒకే గ్లాసులో తీపీ ఘాటూ ఉన్నాయి. రెండో గ్లాసు తీసుకున్నాను.

కొలత అడిగాను. ఆయన దాచుకోలేదు. గింజలు ఎంత, నీళ్ళు ఎన్నిసార్లు పోసి పిండాలి, బియ్యప్పిండి ఎప్పుడు వేయాలి, అన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాడు. అక్కడే బండి పక్కన నిలబడి పీళమేడుకు ఫోన్ చేశాను. మనవరాలు ఎత్తి అవ్వకిచ్చింది.

"తాగినావా? శొంఠి ఎక్కువేసినారా?"

"ఎక్కువే అవ్వా. బాగుంది."

"మా అత్త కూడా ఎక్కువే వేసేది. ఉండు, పుస్తకం తెచ్చుకుంటాను."

అటువైపు కాగితాలు తిప్పిన చప్పుడు, పెన్ను కోసం ఎవరినో కేకేసిన చప్పుడు. చెప్పడం మొదలుపెట్టాను. గింజలు అర్ధసేరు, రాత్రి నానబెట్టాలి, మూడు విడతల పాలు. ఆవిడ ఒక్కో మాటనూ తిరిగి పలుకుతూ రాసుకుంటోంది. బెల్లం దగ్గరకు వచ్చాను.

"పావుసేరు బెల్లం, అవ్వా."

"చుక్క పెట్టినాను" అంది. "ఇంక చెప్పు."